కార్డు మీద రాయకూడని మాట

ప్లేస్‌మెంట్ ఆఫీసర్ అనే పేరు మా కాలేజీలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. నేను చేరినప్పుడు ఆ పనికి పేరే లేదు. ఎనభైల మొదట్లో, సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య హైవే పక్కన రేకుల షెడ్లలో నడిచే ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో గుమాస్తాగా చేరాను. జూన్, జూలై నెలల్లో అడ్మిషన్లు చూడాలి. మిగతా ఏడాదంతా ఫ్యాక్టరీల గేట్ల దగ్గర నిలబడి, మా పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకొమ్మని అడగాలి. ఇరవై ఏళ్లకు పైగా ఈ రెండు పనులే చేశాను. చివరి రోజుల్లో నా బల్ల మీదికి కంప్యూటర్ వచ్చింది, తలుపు మీదికి పేరు వచ్చింది. పని మాత్రం మారలేదు.

ఈమధ్య నా కుర్చీలో కొత్తగా కూర్చున్న అమ్మాయి ఇంటికి వచ్చింది. "సార్, ఈ పనిల ముఖ్యమైంది ఏంది?" అని అడిగింది. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఆమె టీ తాగి వెళ్లిపోయింది. అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. ఎంతమందికి ఉద్యోగాలు ఇప్పించానో రాయను. ఆ ఫోటోలన్నీ కాలేజీ గోడ మీద ఉన్నాయి. గోడ మీద లేనివి రాస్తాను.

సుద్ద గీత

అడ్మిషన్ల రోజుల్లో నా బల్ల వరండాలో ఉండేది. దరఖాస్తు నిండా గడులు. పేరు, ఊరు, కులం, తండ్రి పేరు, తండ్రి చేసే పని, ఒంటి మీద పుట్టుమచ్చలు. ఇవన్నీ ఎందుకో నాకు తెలియదు. అచ్చయి వచ్చాయి కాబట్టి అడిగేవాణ్ణి.

చేరిన కొత్తలో రుద్రారం వైపు నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. అప్పట్లో ఆడపిల్లలు పాలిటెక్నిక్‌కు రావడమే అరుదు. దరఖాస్తులో తండ్రి పని అన్న గడి ఖాళీగా ఉంది. అడిగాను. తల్లి ముందుకు వంగి, నాకు మాత్రమే వినపడేటట్టు, "ఆయన మాతోటి ఉంటలేడు సారూ" అంది.

నేను తల ఎత్తలేదు. వెనక అంతమంది నిలబడి ఉన్నారన్న ధ్యాస లేదు. "ఉంటలేడంటే? సచ్చిపోయిండా, ఇడిసిపెట్టి పోయిండా? ఏదో ఒకటి రాయాలె గద" అన్నాను.

నా గొంతు పెద్దది. వరసలో మాటలు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవడో "ఇంకో ఇల్లు పెట్టిండని రాయుండ్రి సార్" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆ పిల్ల నా చేతిలోని దరఖాస్తు లాక్కొని, తల్లి చెయ్యి పట్టుకొని మెట్లు దిగిపోయింది.

మా ప్రిన్సిపాల్ గారు తన గది గుమ్మంలోంచి ఇదంతా చూశారు. పొట్టి మనిషి. తక్కువ మాట్లాడేవారు. ఆయనే బస్టాప్ దాకా నడిచివెళ్లి, ఇద్దరినీ వెంటబెట్టుకొని వచ్చారు. గదిలో కూర్చోబెట్టి దరఖాస్తు ఆయనే నింపారు. తర్వాత నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను.

"ఆ గడి నింపితే మనకేం అక్కరకొస్తది?" అని అడిగారు.

"ఏం లేదు సార్."

"మరెందుకు అడిగినవ్?"

ఆయన సుద్దముక్క తీసుకొని వరండాలోకి వచ్చి, నా బల్లకు పది అడుగుల దూరంలో నేల మీద అడ్డంగా గీత గీశారు. "ఒక్క ఇంటోళ్లే గీత దాటాలె. మిగిలినోళ్లు అవతల నిలవడాలె" అన్నారు. వానకు చెరిగిపోతే నేను మళ్లీ గీసేవాణ్ణి. కొన్నాళ్లకు దాని మీద పెయింట్ వేయించాను.

ఆ అమ్మాయి మూడేళ్లు మా దగ్గరే చదివింది. ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా నా బల్ల దగ్గరికి రాలేదు. సర్టిఫికెట్లు కావాల్సి వచ్చినా స్నేహితురాలిని పంపేది.

గేటు దగ్గర అడిగేవి

ఫ్యాక్టరీల్లో మనుషులను పనిలోకి తీసుకునే పర్సనెల్ ఆఫీసర్లు మొదట మార్కులు అడుగుతారని కొత్తవాళ్లు అనుకుంటారు. అడగరు. "లోకలా? ఏ ఊరు? తండ్రి ఏ కంపెనీల?" అని అడుగుతారు. ఆ ఊళ్ల పొలాల మీదనే ఫ్యాక్టరీలు లేచాయి. కానీ ఆ ఊళ్ల పిల్లలంటేనే వాళ్లకు జంకు. ఏదన్నా జరిగితే ఊరంతా గేటు ముందుకు వస్తుందని వాళ్ల భయం. మా పిల్లల్లో సగానికి పైగా ఆ ఊళ్లవాళ్లే.

మొదట్లో నేను అడ్మిషన్ ఫైలునే చంకలో పెట్టుకొని పోయేవాణ్ణి. అడిగినదానికీ అడగనిదానికీ చెప్పేవాణ్ణి. ఎక్కువ చెబితే పిల్లలకు మేలవుతుందని నమ్మేవాణ్ణి. ఒకసారి ఒక పిల్లవాడి గురించి గొప్పగా, "వాళ్ల నాయన గుడ మంచి ఫిట్టర్ సార్, యూనియన్ల పెద్దమనిషి" అన్నాను. అవతలి ఆయన నవ్వి, పెన్ను మూత పెట్టాడు. ఆ ఉద్యోగం ఎందుకు రాలేదో ఆ పిల్లవాడికి నేను ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ తర్వాత ఫైలు మానేసి ఒక్క కాగితం పట్టుకుపోయేవాణ్ణి. పేరు, కోర్సు, మార్కులు. మిగతావి అడిగితే "నాకు ఎరుకలేదు సార్, పిల్లగాణ్ణే అడుగుండ్రి" అనడం నేర్చుకున్నాను. నాకు బాగా తెలిసిన సంగతిని తెలియదని అనడం మొదట్లో చాలా కష్టమైంది. కొందరు ఆఫీసర్లు విసుక్కున్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం మరుసటి ఏడాది నుంచి అడగడమే మానేశారు.

కార్డులు

ఇంత నేర్చుకున్నాక కూడా అన్నిటికంటే పెద్ద తప్పు చేశాను.

సెలవుల్లో పిల్లలకు కబురు పంపాలంటే మాకు పోస్టు కార్డే దారి. నా రాత కోడిగీతలు. అందుకని ఆదివారం మధ్యాహ్నం నేను చెబుతుంటే నా భార్య సుభద్ర రాసేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమె అక్షరాలు గుండ్రంగా, తొందర లేకుండా ఉండేవి. కొందరు పిల్లలు ఆ కార్డులు దాచుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది ఒక పెద్ద ఫ్యాక్టరీ మా ఎలక్ట్రికల్ పిల్లలను పదిమందిని అప్రెంటిస్‌లుగా ఎంపిక చేసి, వైద్యపరీక్షకు పిలిచింది. తొమ్మిదిమంది నెగ్గారు. పదోవాడి గురించి కాలేజీకి ఉత్తరం వచ్చింది. రంగుల చుక్కల మధ్య దాచిన అంకెలను అతను చదవలేకపోయాడట.

అతణ్ణి ఇక్కడ సాయిలు అంటాను. అది అతని పేరు కాదు. ఇది రాయొచ్చా అని ఈమధ్యే అడిగాను. "పేరు మార్చుండ్రి సార్. మా అమ్మ అన్న మాట మాత్రం మార్చకుండ్రి" అన్నాడు. ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో, ఏం చేస్తున్నాడో కూడా రాయను.

నేను సుభద్రకు చెప్పిన వాక్యం ఇది: "నీకు రంగుల దృష్టి లోపము ఉన్నందున కంపెనీవారు ఎలక్ట్రికల్ పనికి అనర్హుడవని తేల్చినారు. వెంటనే వచ్చి కలువవలెను."

సుభద్ర కలం ఆపింది. "ఇది కార్డు మీద రాయాల్నా?"

"ఇంక దేని మీద రాస్తవ్?"

"అందరు సదువుతరు గద. వచ్చి కలువుమని రాస్తే సాలదా?"

"కారణం చెప్పకపోతే వాడు రాడు. ఊరికెనే తీసేసిండ్రనుకుంటడు. రాయి."

ఆమె రాసింది. మరునాడు నేనే పోస్టు డబ్బాలో వేశాను.

సాయిలు ఊరు

నెల గడిచింది. సాయిలు రాలేదు. డిప్లొమా సర్టిఫికెట్ కూడా తీసుకుపోలేదు. ప్రిన్సిపాల్ గారు అడిగితే కార్డు వేశానని చెప్పాను. "ఏం రాసినవ్?" అన్నారు. చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత "పోయి రా" అన్నారు.

ఆదివారం పొద్దున్నే బస్సులో కంది దాకా వెళ్లి, అక్కడి నుంచి లోపలికి నడిచాను. ఊరి మొదట్లో చిన్న టీ హోటల్ ఉంది. సాయిలు ఇల్లెక్కడని అడిగాను.

"ఏ సాయిలు? కండ్లు కనవడని సాయిలా?" అన్నాడు హోటలాయన.

ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. "కార్డు మా కాడికే వచ్చింది సార్. పోస్టాయన ఊరి ఉత్తరాలన్నీ గిక్కడనే పెట్టి పోతడు. మేమే సదివి, ఫలానా సంగతని వాళ్ల అమ్మకు కబురు వెట్టినం." సాయం చేశామనే ఆయన అనుకుంటున్నాడు.

సాయిలు ఇంటి ముందు టమాటలు రాశిగా పోసి ఉన్నాయి. తల్లి బాలవ్వ పండినవి ఒక గంపలోకి, పచ్చివి ఒక గంపలోకి ఏరుతోంది. సాయిలు గడప మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు. అదే సమయంలో గల్లీలో సైకిల్ మీద పోతున్న ఒకాయన, "సాయిలూ, మా ఎద్దు ఏం రంగో చెప్పురా" అని నవ్వుకుంటూ పోయాడు. రోజూ జరిగేదే అన్నట్టు, తల్లీ కొడుకుల్లో ఎవరూ అటు చూడలేదు.

"సారూ, కార్డు రాసింది మీరేనా?" అంది బాలవ్వ.

"నేనే అమ్మా."

"మంచిగ రాసిండ్రు. డప్పు కొట్టిపిచ్చినా ఊరంత గింత జల్దీ తిరగకపోవు." ఆమె చేతులు ఆగలేదు. "రెండేండ్ల సంది ఊర్లె ఎవల బోరు మోటరు కాలినా నా కొడుకునే పిలుస్తుండిరి. స్టాటరు ఇప్పి మంచిగ జేసిచ్చేటోడు. ఇప్పుడు ఒక్కలు పిలుస్తలేరు. కండ్లు కనవడనోడు కరెంటు ముట్టుకుంటే మనం సస్తమంటుండ్రు. కంపెనీ పోతే పోనీ అనుకుంటుంటిమి. ఊరు గుడ పోయింది సారూ."

తప్పు నాదేనని చెప్పాను.

కొంతసేపటికి ఆమె, "అసలు వాని కండ్లకు ఏమైందో జెర చెప్పుండ్రి" అని అడిగింది. నెలరోజులుగా ఊరంతా ఆ మాటే మాట్లాడుతోంది. ఆమెకు మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు.

"ఏం కాలేదు అమ్మా. కండ్లు మంచిగనే ఉన్నయి. ఎరుపూ ఆకుపచ్చా ఇంచుమించు ఒక్కతీరు కనవడతయి, గంతే. పుట్టుకతోనే ఉంటది. ఇగ పెరిగేది లేదు."

బాలవ్వ చేతులు ఆగాయి. ఒక చేతిలో పండిన టమాట, ఒక చేతిలో పచ్చిది. రెండూ పైకెత్తి కొడుకు వైపు తిరిగింది. "గీ రెండు నీకు ఒక్కతీరేనారా?"

సాయిలు గడప మీది నుంచే చెప్పాడు. "పండుది జెర నల్లగ కనవడతదే. మంచి ఎండ ఉంటే ఎరుక పట్టొచ్చు. మబ్బు ఉంటే రాదు."

ఆమె నా వైపు చూసింది. "చిన్నగున్నప్పుడు టమాట తెంపనీకి తోల్కపోతే గంప నిండ పచ్చియి తెంపుకొచ్చేటోడు సారూ. పని ఎగ్గొట్టనీకే జేస్తుండని కట్టెతోటి కొట్టిన. ఒక్కనాడు గాదు." మళ్లీ కొడుకు వైపు తిరిగింది. "నాకు ఎరుక వడతలేదమ్మా అని ఒక్కమాట చెప్పకపోతివి బిడ్డా?"

"నాకేం ఎరుకనే? అందరికి గట్లనే కనవడతయనుకున్న. నువ్వు ముట్టి సూసి ఏరుతున్నవనుకున్న."

ఆమె టమాటలు రెండూ కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, వెళ్లి కొడుకు పక్కన కూర్చుంది. నేను గల్లీ వైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాత సాయిలుతో కాసేపు మాట్లాడాను. మూడేళ్లు వర్క్‌షాప్‌లో ఎలా నెగ్గుకొచ్చాడో తెలుసుకోవాలనిపించింది. అతను మరీ నిదానమని మా లెక్చరర్లు విసుక్కునేవారు. అందరూ గంటలో చేసే వైరింగుకు అతనికి రెండు గంటలు పట్టేది. కానీ అతను చేసిన బోర్డు ఒక్కటి కూడా కాలిన గుర్తు లేదు.

"రంగును నమ్ముకోను సార్. టెస్ట్ ల్యాంపు పట్టుకొని, ఒక్కొక్క తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా సూస్త. గందుకే లేటయితది" అన్నాడు.

ఇంకో ఫ్యాక్టరీ చూస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సార్. ఏడికి పోయినా మీరు చెప్తరు."

"చెప్పను."

"మీరు చెప్పకుంటే, రేపు నా చేతుల ఏదన్న అయితే? పక్కోడు సస్తే?"

అతను నన్ను ఇరుకున పెట్టడానికి అడగలేదు. నెలరోజులుగా తనలో తాను అడుగుతున్నదే నన్నూ అడిగాడు.

తిరిగి వస్తూ హోటల్ దగ్గర ఆగాను. "సూడుండ్రి, సాయిలుకు కండ్లు మంచిగనే ఉన్నయి, అసలు సంగతేందంటే" అని మొదలుపెట్టాను. టీ తాగుతున్న నలుగురు గ్లాసులు దించి నా వైపు తిరిగారు. నేను మళ్లీ అదే పని చేస్తున్నానని అప్పుడు తట్టింది. మధ్యలో ఆపేశాను. "ఏంది సార్ సంగతి?" అని హోటలాయన వెనక నుంచి అడుగుతూనే ఉన్నాడు. ఆగకుండా కంది వైపు నడిచాను.

సుభద్ర మాట

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. నేను ముందే అనలేదా అని ఆమె అడగలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఆమె ఎప్పుడూ వాడలేదు. అంతా విని, "ఇగ ఆ పిల్లగాణ్ణి అడగకుంట ఎవలకు చెప్పకుండ్రి. వాని మంచికే అయినా సరే" అంది.

నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న నియమం ఇదొక్కటే. తర్వాతి కాలంలో కాలేజీకి గోప్యత గురించిన నిబంధనలు రాసిచ్చే కమిటీలో నన్నూ వేశారు. పెద్ద పెద్ద మాటలతో నాలుగు పేజీలు తయారయ్యాయి. సుభద్ర మాటకు అందులో కొత్తగా చేరిందేమీ నాకు కనిపించలేదు.

ప్రాణానికి సంబంధించిన సంగతి ఫ్యాక్టరీకి తెలియాలి. ఇది నేను ఒప్పుకుంటాను. ఎవరు చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మాత్రం ఆ పిల్లతోనో పిల్లవాడితోనో కూర్చొని తేల్చుకోవాలి. దానికి టైం పడుతుంది. ఆ టైం పెట్టడమే ఈ ఉద్యోగం.

తీగకు నంబరు

పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో వెనక వరసలో ఒక చిన్న షెడ్డు ఉండేది. ఫ్యాక్టరీలకు కంట్రోల్ ప్యానెళ్లు, అంటే మోటార్లను నడిపే మీటల పెట్టెలు, తయారుచేసేవారు. అక్కడి ఫోర్‌మన్ ఖాదర్ భాయ్. వేరే పిల్లవాడి పని మీద వెళ్లినప్పుడు, తలుపు తెరిచి ఉన్న ఒక పెట్టెలోకి చూశాను. లోపల వందల తీగలు. అన్నీ ఒకే బూడిద రంగు.

"ఇదేంది ఖాదర్ భాయ్, ఎర్రది పచ్చది ఏం లేవు?"

ఆయన నవ్వాడు. "రంగు నమ్ముకుంటే మునుగుతం సార్. రిపేరుకొచ్చినోడు ఏ తీగ దొరికితే గదే ఏస్తడు. మాకు నంబరే ముఖ్యం." తీగ కొసన ఉన్న చిన్న ప్లాస్టిక్ ఉంగరం చూపించాడు. దాని మీద అంకె ఉంది. ప్రతి తీగకూ రెండు కొసలా అదే అంకె. "నంబరు సూడాలె, మీటర్ పెట్టి పరీక్ష చెయ్యాలె, గప్పుడే బిగించాలె. మా పిల్లలు జల్దీ జల్దీ అని గిదే మరుస్తరు. నిదానంగ చేసేటోడు ఒక్కడు దొరుకుతలేడు, పరేషాన్ అయితుంది."

ఒక్కమాట అంటే చాలు. నా దగ్గర అలాంటివాడే ఉన్నాడు, పాపం ఇట్లా అయింది అని చెబితే, ఆ మనిషి అప్పుడే సరేననేవాడు.

"ఏం సార్, ఎవలన్న ఉన్నరా?" అన్నాడు.

"అడిగి చెప్త" అన్నాను.

ఈసారి ఇన్‌లాండ్ కవరు తెచ్చి, సుభద్ర చేత రాయించి, అంచులు బాగా అంటించి పంపాను. లోపల ఒక్క వాక్యం. ఒకసారి వచ్చి పో అని.

సాయిలు వచ్చాడు. షెడ్డులో చూసింది చెప్పాను. నంబర్ల సంగతి వినగానే కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు. తర్వాత అడగాల్సినవి అతనే అడిగాడు. "పెట్టె తలుపు మీద ఎర్ర దీపం, పచ్చ దీపం ఉంటయి గద సార్? పెద్ద తీగలకు రంగు పట్టీలుంటయి గద?"

"ఉంటయి."

"అయితే ఖాదర్ భాయ్‌కు సంగతి ఎరుకుండాలె."

"చెప్పాల్నా వద్దా అన్నది నీ ఇష్టం. నేనైతే ఏం చెప్పలేదు. నీ పేరు గుడ చెప్పలేదు."

"నేనే చెప్త. మీరు తోడు రాండ్రి. లోపటికి మాత్రం రావద్దు" అన్నాడు.

మరునాడు పొద్దున ఇద్దరం కలిసి వెళ్లాం. షెడ్డులో ఒక మూలకు ప్లైవుడ్‌తో కట్టిన ఖాదర్ భాయ్ గది. సాయిలు లోపలికి పోయి తలుపు దగ్గరగా వేశాడు. నేను బయట ఖాళీ కేబుల్ డ్రమ్ము మీద కూర్చున్నాను. ఒక పనివాడు వచ్చి టీ ఇచ్చాడు. గోడ పలచనిది. చెవి పెడితే అన్నీ వినపడతాయి. లేచి వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను.

చాలాసేపయింది. సాయిలు తలుపు తీసుకొని నా దగ్గరికి వచ్చాడు. ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను.

"సార్, మీరు పోండ్రి. నేను సాయంత్రం దాకా ఈడనే ఉంట" అన్నాడు.

ఖాదర్ భాయ్ ఏమన్నాడని అడగబోయాను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"సరే" అన్నాను.

సాయిలు వెనక్కి నడిచి, లోపలికి వెళ్లి, తలుపు వేసుకున్నాడు.